పదిహేడో నంబరు ముక్క

నాకు అనుమానం ఎక్కువ. నెల్లూరు దగ్గర కోట అనే ఊరికి పడమరగా ఉన్న మా పల్లెలో, వడ్లు ఎండాయని ఎవరు చెప్పినా నాన్న నమ్మేవాడు కాదు. రాశిలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికేవాడు. పక్కనే నిలబడి నేనూ కొరికేదాన్ని. టక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టు. చదువులోనూ నాది అదే పద్ధతి అయింది. పుస్తకంలో ఉన్నది ఒకసారి నా చేత్తో చేసి చూస్తేగాని మనసు ఒప్పుకునేది కాదు. హాస్టల్లో స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. పరిశోధనలో చేరాక ఆ గుణమే నాకు పనికొస్తుందని మురిసిపోయాను. అది అందరి మీదా పనిచేసి, నా మీద మాత్రం పనిచేయకుండా ఊరుకుంటుందని అప్పటికి నాకు తెలియదు.

నెల్లూరులో ఒక వైద్య కళాశాలలో పరిశోధన విద్యార్థినిగా చేరినప్పుడు నాకిచ్చిన విషయం గర్భసంచి కండరం. ఆ కండరం బిగుసుకోవాలంటే కాల్షియం కావాలి. కొంత కణం బయటి నుంచి వస్తుంది. కొంత కణం లోపలే చిన్న చిన్న అరల్లో దాచి ఉంటుంది. ఆ అరలకు తలుపుల్లాంటివి ఉంటాయి. అవి తెరుచుకుంటే కాల్షియం బయటపడి కండరం బిగుస్తుంది. ఈ తలుపులు రెండు రకాలు. ఒకటి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ లాంటి హార్మోను కణాన్ని తాకినప్పుడు లోపల పుట్టే సందేశంతో తెరుచుకునేది. దాని గురించి ఎవరికీ పేచీ లేదు. రెండోది, కెఫీన్ తగిలితే తెరుచుకునేది. గుండెలోనూ కాళ్ళూచేతుల కండరాల్లోనూ అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మనిషి గర్భసంచిలో అది పనిచేస్తుందా లేదా అన్న దగ్గర మాత్రం తలొక మాట. ఉందంటారు కొందరు, ఉన్నా ఊరికే ఉందంటారు కొందరు. ఆ తగువు తేల్చడంలో మా ల్యాబుకూ కాస్త వంతు ఉండాలని మా ప్రొఫెసరు గారి కోరిక.

పని ఇలా జరిగేది. సిజేరియన్‌లో బిడ్డను బయటికి తీశాక, కోత కుట్టే ముందు, దాని పై అంచు నుంచి డాక్టరమ్మ చిక్కుడు గింజంత ముక్క తీసి ఇచ్చేది. తల్లి ముందుగా అంతా విని, ఒప్పుకుని, సంతకం చేసి ఉంటేనే. ఆ ముక్కను చల్లటి ఉప్పు ద్రావణంలో వేసి, ఐసు పెట్టెలో పెట్టుకుని నేను ల్యాబుకు పరిగెత్తేదాన్ని. దాన్ని సన్నని పోగులుగా కోసి, పట్టుదారంతో కట్టి, ఒంటి వేడికి వెచ్చబెట్టిన ద్రావణంలో వేలాడదీస్తే మొదట ఏమీ జరగదు. గంట దాటుతుంది. చచ్చిపోయిందేమోనని భయం వేస్తుంది. అప్పుడు ఎవరూ ఏమీ చేయకుండానే అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది. కంప్యూటరు తెర మీద గీత లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తల్లి వార్డులో పడుకుని ఉంది, బిడ్డ పుట్టి మూడు గంటలయింది, ఇక్కడ ఈ పోగు ఇంకా నొప్పులు పడుతూనే ఉంది.

ఇంకా నొప్పులు మొదలుకాని తల్లుల నుంచి తీసిన ముక్కలకే మేము కెఫీన్ ఇచ్చి చూస్తున్నాం. పదహారు ముక్కల దాకా ఒకటే తీరు. కెఫీన్ పడగానే గీత మెల్లగా దిగి, కండరం వదులై ఊరుకునేది. రెండో తలుపు ఉన్నా తెరుచుకోలేదన్నమాట. పదిహేడో నంబరు ముక్క అలా చేయలేదు. కెఫీన్ పడిన కొద్ది సేపటికే గీత నిటారుగా లేచింది. తర్వాత గాని వదులవలేదు. ఆ తల్లి నుంచి వచ్చిన నాలుగు పోగులూ నాలుగుసార్లూ అదే చేశాయి.

సారును పిలిచాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు.

"చూశావా అమ్మా, తెరుచుకుంది! ఈ ఒక్క గీత చాలు మనకు" అన్నారు.

ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. నాకు మాత్రం లోపల ఎక్కడో మెత్తగా నలిగినట్టయింది. పదహారు మంది చేయనిది ఈమె ఒక్కతే ఎందుకు చేసింది?

ముందు ద్రావణాన్ని అనుమానించాను. అదే రోజు కొత్తగా కలిపి చూశాను, తేడా లేదు. గాజు పాత్ర సరిగా కడగలేదేమోనని, అంతకు ముందు వాడిన మందు అడుగున మిగిలిందేమోనని చూశాను, ఏమీ లేదు. త్రాసును అనుమానించి పక్క విభాగంలో త్రాసు మీద కెఫీన్ మళ్ళీ తూచాను. సరిగ్గానే ఉంది. కొత్త ముక్కలు తీసుకోకుండా ఇవన్నీ తేల్చుకోవడంలోనే నెలలు గడిచాయి. ఇక మిగిలింది ఆ తల్లి. ఆమెకు ఆపరేషనుకు ముందు వేరే మందు ఏదైనా ఇచ్చారేమో చూద్దామని రికార్డుల గదికి వెళ్ళాను.

కేసు షీటులో విశేషం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళ వయసు. సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. మొదటి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, అందుకని సిజేరియన్. నొప్పులు లేవు. ముందుగా మందులేవీ వాడలేదు. షీటు మూసేయబోతూ ఆపరేషనుకు ఒప్పుకుంటూ చేసిన సంతకం చూశాను. తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, గీత మీదనుంచి జారకుండా జాగ్రత్తగా రాసిన సంతకం. బడిలో బాగా చదివిన పిల్ల రాత అది.

ల్యాబుకు వచ్చి మా ఫైలు తీశాను. మా ఫారం మీద అదే పేరు, అదే తేదీ. సంతకం ఉండాల్సిన చోట నీలం వేలిముద్ర.

చాలాసేపు రెండూ తలుచుకుంటూ కూర్చున్నాను. రాయడం వచ్చిన మనిషి వేలిముద్ర ఎందుకు వేస్తుంది? చేతికి సెలైన్ సూది ఉందేమో అనుకున్నాను. మరి అదే పూట ఆపరేషను కాగితం మీద అంత కుదురుగా ఎలా రాసింది? ఫారాలు వార్డుకు తీసుకెళ్ళింది ఒక హౌస్ సర్జన్. ఆ అబ్బాయి మీదకు పోయింది నా అనుమానం. ఎవరి వేలో పట్టుకుని అద్దించేసి ఉంటాడు అనుకున్నాను. అతన్ని నిలదీయాలని ఫారం ఇంకోసారి చూసుకున్నాను. అప్పుడు కనిపించింది. కింద "తల్లికి వివరించినవారు" అన్న చోట నా సంతకం.

ఆ రోజు నేను వార్డుకు పోలేదు. ద్రావణం కలుపుతూ ల్యాబులోనే ఉన్నాను. అంతకు ముందు వారం, మాటిమాటికీ వార్డుకు పోలేక, పది ఫారాల మీద ఒకేసారి సంతకాలు చేసి ఇచ్చేశాను. అది అందులో ఒకటి. ద్రావణాన్ని, గాజు పాత్రను, త్రాసును, హౌస్ సర్జన్‌ను అనుమానించిన దాన్ని, ఆ పది కాగితాల మీద కలం ఆడించేటప్పుడు నన్ను నేను ఒక్క మాట అడగలేదు.

ఆ తల్లి ఫారం మీద వేలిముద్ర ఎవరు వేశారని కాన్పుల వార్డులో ఆయమ్మను అడిగాను. ఆమె చేతిలో బకెట్టు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నన్నడుగుతారేంది మేడమ్? నేను కాయితాలు ముట్టను. అయినా ఇప్పుడెందుకది? ఎవురన్నా కంప్లైంటు పెట్టినారా?"

"ఎవరూ పెట్టలేదు. నాకే తెలుసుకోవాలని."

ఆమె నమ్మలేదు. అయినా నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది. "వాళ్ళత్త బొటనేలికి నీలం ఇంకు ఉండింది. ఆ చేత్తోనే బిడ్డని ఎత్తుకోబోతే నేనే తిట్టి సబ్బు ఇచ్చినా. నేను చెప్పినానని అనబాకండి."

సారు దగ్గరికి వెళ్ళి, ఆ తల్లిని ఒకసారి కలిసి వస్తానన్నాను. ఆయన తలెత్తకుండానే వద్దన్నారు. ఆరు నెలలయింది, వాళ్ళు బాగానే ఉన్నారు, పోయి లేనిపోని భయం ఎందుకు రేపడం అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆయన కళ్ళు ఆ మాట అంటున్నప్పుడు తెర మీద గీత వైపే ఉన్నాయి. ఆ శనివారం ఇంటికి వెళ్తున్నానని చెప్పి కోట బస్సెక్కాను.

కోటలో దిగి షేర్ ఆటోలో తూర్పుకు పోయాను. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. ఊరు మొదట్లో దిగి అడిగితే ఒకామె ఇల్లు చూపించింది గాని, చూపించే ముందు నేనెవరో, ఎందుకొచ్చానో, నాతో ఇంకెవరున్నారో మూడు ప్రశ్నలు వేసింది. నేను దాటిపోయాక ఎవరికో ఫోను చేయడం విన్నాను.

నేను చేరేసరికి అత్తగారు గడప ముందు నిలబడే ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఎండుచేపలు ఏరుతున్న చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "మళ్ళా ఏం సర్వే?" అంది.

"సర్వే కాదు పెద్దమ్మా. కాన్పు చేసిన ఆసుపత్రి నుంచి వచ్చాను."

"కాన్పయి ఆర్నెల్లయింది. టీకాలన్నీ వేయించినాం. ఇప్పుడేం పని?"

ఫోనులో ఫారం ఫోటో తెరిచి చూపించాను. "ఈ వేలిముద్ర ఎవరిదో అడుగుదామని."

ఆమె ఫోను వైపు చూడనైనా చూడలేదు. "నాది గాదు" అంది.

"మీదని నేను అనలేదు పెద్దమ్మా."

"ఎవురన్నా అదే మాట. నా ఏలికి గీతలే లేవు. చూడు." రెండు బొటనవేళ్ళూ నా ముఖం ముందు పెట్టింది. ఏళ్ళ తరబడి వల తాళ్ళు లాగీ, చేపలు తోమీ ఆ వేళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "రేషన్ మిషను కూడా నా ఏలు పట్టదు. కోడలు పోయి తెస్తాది బియ్యం. నాదెట్టయితాది?"

నేను ఫోటోను పెద్దది చేసి చూశాను. ఇన్నాళ్ళూ ఇంకు ఎక్కువై అలుక్కుపోయిందనుకున్న ముద్ర అది. అంచు చక్కగా గుండ్రంగా ఉంది. లోపల ఒక్క గీత లేదు. నున్నటి నీలం మచ్చ.

ఆమె కూడా అప్పుడు తొంగిచూసింది. చూసి, చేతులు వెనక్కి తీసుకుంది.

ఇంతలో లోపలినుంచి కోడలు వచ్చింది. చంకలో బిడ్డ, నడుం దగ్గర చీర బిగించి ఉంది. నా చేతిలో ఫోను తీసుకుని ఫారం చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి గట్టిగా చదివింది. "నా గర్భసంచి కండరం నుండి చిన్న ముక్కను పరిశోధన నిమిత్తం..."

చదవడం ఆపి అత్తగారి వైపు తిరిగింది.

"అత్తా, నీకు తెలుసా ఇది?"

"రక్తానికనుకున్నా" అంది అత్తగారు. గొంతు తగ్గింది. "నిన్ను లోపలికి తోసుకోని పోతా ఉండారు. ఆ డాక్టరు పిలగాడు ఇంకొక కాయితం మిగిలిపోయిందే అని లగెత్తుకోనొచ్చినాడు. ఏలు పెట్టమన్నాడు, పెట్టినా. బిడ్డ ఎదురుకాళ్ళు అంటా ఉంటే ఏం కాయితమని నేనడిగేది?"

"ఇంటికొచ్చినాకన్నా చెప్పొచ్చు గదా."

"ఏం చెప్పేది? నాకేం తెలుసు చెప్పేదానికి?"

కోడలు నా వైపు తిరిగింది. ఆ చూపుకు నేను సిద్ధపడి రాలేదు.

"ఏం తీసినారక్కా నా కడుపులోంచి?"

చెప్పాను. ఎంత ముక్కో నా చిటికెన వేలి గోరు చూపించి చెప్పాను. కోత అంచు నుంచి తీశారని, దాన్ని వెచ్చటి ద్రావణంలో వేలాడదీశామని, అది తనంతట తాను బిగుసుకుందని, ఆ సాయంత్రానికి దాని పని అయిపోయిందని, పద్ధతి ప్రకారం కాల్చేశారని చెప్పాను. అమ్మలేదని కూడా చెప్పాను, ఆమె అడగకపోయినా. అడగకపోయినా చెప్పినందువల్లే ఏమో, అత్తగారి కళ్ళు చిన్నవయ్యాయి.

"అందుకేనా దీనికి అప్పుడప్పుడు పొత్తికడుపులో సలుపు?" అంది.

"అది కుట్ల వల్ల ఉంటుంది పెద్దమ్మా. అయినా నా మాట నమ్మొద్దు. వేరే ఆసుపత్రిలో స్కానింగ్ చేయించండి."

"మళ్ళా బిడ్డలు పుడతారా నాకు?" అని అడిగింది కోడలు.

"పుడతారు. ఆ ముక్క వల్ల ఏమీ కాదు."

ఆమె బిడ్డను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. "నువ్వు రానే లేదు గదక్కా ఆ రోజు. ఇక్కడ వివరించినవారు అని రాసి సంతకం ఉండాది. ఎవురిదది?"

"నాదే."

"వివరించకుండానే?"

"వివరించకుండానే. తప్పు నాది."

అత్తగారు చేట తీసుకుని మళ్ళీ చేపలు ఏరడం మొదలుపెట్టింది. కోడలు తర్వాత లోపలికి పోయి, నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి గ్లాసు ఇచ్చేటప్పుడు నేను వచ్చిన రెండో పని అడిగాను.

"ఒక్కటి చెప్పమ్మా. ఆసుపత్రికి రాకముందు నీకు ఎవరైనా ఏదైనా మందు ఇచ్చారా? మాత్ర గాని, ఇంజెక్షన్ గాని?"

"ఏమీ ఇయ్యలేదు" అంది అత్తగారు వెంటనే. తల ఎత్తకుండా. "అప్పుడే రాయించినాం గదా డాక్టరుకి."

కోడలు నన్ను చూసింది, అత్తను చూసింది. "ఇచ్చినారు" అంది.

"నోరు మూసుకో."

"నాకు చెప్పకుండా నువ్వు ఏలు పెట్టినావు. ఇదన్నా నన్ను చెప్పనీ." ఆమె ఆగలేదు. "ఆ రోజు తెల్లారి కొంచెం నొప్పిగా ఉండాదంటే ఊళ్ళో వైద్యం చేసేటాయన్ని పిలిపించినారు. తొడకి ఒక సూది వేసినాడు, నొప్పులు రావాలని. తరవాత ఇంకోటి. కడుపు రాయి మాదిరి అయిపోయింది. చేత్తో తడిమి ఆయనకే భయమేసింది. బండెక్కించి నెల్లూరు పంపించినాడు. సూది సంగతి చెప్పబాకండి, చెప్తే వాళ్ళు చేర్చుకోరు అన్నాడు. నెల్లూరు చేరేలోపల నొప్పులు తగ్గిపోయినాయి."

నొప్పులు మొదలుకాని తల్లి అని రాసి, ఆ వరుసలో పెట్టి, పదహారు మందితో పోల్చిన ముక్క అది. రెండు ఇంజెక్షన్లు పడి, రాయిలా బిగిసి, అలిసిపోయి వచ్చిన కండరం. మా సారు సంతోషమంతా దాని మీద నిలబడి ఉంది.

ఆ ముక్క సంగతి పక్కన పెట్టి ముందు ఆమెకు చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు నీ గర్భసంచి మీద కోత మచ్చ ఉంది, ఈసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ సూది వేయించుకుంటే కోసిన చోట చినిగిపోవచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదకు వస్తుంది అన్నాను. కోడలు తల ఊపింది. అత్తగారి చేతులు చేట మీద ఆగిపోయాయి. నన్ను నమ్మిందో లేదో తెలియలేదు. భయపడింది, అంతవరకు కనిపించింది.

వచ్చేటప్పుడు కోడలు రోడ్డు దాకా వచ్చింది.

"అక్కా, ఆ లెక్కలో నన్ను ఉంచబాక. తీసెయ్."

"తీసేస్తాను."

"ముందుగా అడిగుంటే ఇచ్చేదాన్నేమో. ఎవురూ అడగలేదు." నేను ఆటో ఎక్కాక, పక్క ఖాళీలోంచి చెయ్యి పెట్టి నా చేయి పట్టుకుంది. ఆ పట్టులో స్నేహం లేదు. మాట తీసుకుంటున్న పట్టు అది. "తీసేసినాక ఫోటో పంపించు నాకు."

సోమవారం ఉదయం సారుకు అంతా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. నేను ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానని అడిగారు. వేరే ల్యాబు వాళ్ళు ఎవరైనా మాట్లాడారా అని అడిగారు. మూడేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన నాకు ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది గాని, తప్పుపట్టలేకపోయాను. పది ఖాళీ ఫారాల మీద సంతకం చేసిన మనిషి మీద అనుమానం రావడంలో వింతేముంది?

"ఒక్క మనిషి. ఒక్క మనిషిని తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసా నీకు?" అన్నారు.

"తెలుసు సార్. పదహారు మిగులుతాయి."

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చి, ఆ ఫైలు, మిగిలిన తొమ్మిది ఫారాలు తెమ్మన్నారు. ఒక్కొక్కటే చూశారు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని పరిశోధనలకు అనుమతులిచ్చే నైతిక సంఘానికి ఉత్తరం ఆయనే రాశారు. నా తప్పు రాశారు. దాని కింద, పర్యవేక్షణ చేయాల్సిన బాధ్యత తనదని కూడా రాశారు. ప్రింటు తీసి నాకిచ్చి, "చదివి చూడు, అబద్ధం ఉంటే చెప్పు" అన్నారు. అబద్ధం ఏమీ లేదు.

సంఘం మా పని నాలుగు నెలలు ఆపేసింది. నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. నేను ముందే సంతకం చేసిన ఫారాలతో తీసుకున్న ముక్కల ఫలితాలన్నీ తీసేయాల్సి వచ్చింది. పదహారు కూడా మిగల్లేదు. పదిహేడో నంబరు వరుసను ఎర్రగీతతో కొట్టేసి, పక్కన కారణం రాసి, ఫోటో తీసి ఆమెకు పంపాను. చూసినట్టు రెండు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు.

తర్వాత పని మళ్ళీ మొదలైనప్పుడు ప్రతి తల్లి దగ్గరికీ నేనే పోయాను, కాన్పుకు ఒక వారం ముందు, నొప్పులు లేని పూట. చాలామంది వద్దన్నారు. కొందరు నా మెడలో కార్డు అడిగి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశారు. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళ ముక్కలు కెఫీన్‌కు వదులయ్యాయేగాని ఒక్కటీ అలా నిటారుగా లేవలేదు. నొప్పులు పడుతున్న తల్లుల ముక్కలూ లేవలేదు. మరి పదిహేడో నంబరు ఎందుకు లేచింది? ఆ సూదుల వల్లేనా? ఆమె కండరం తీరే వేరా? నా చేతిలో ఏదైనా జరిగిందా? నాకు ఇప్పటికీ తెలియదు. మా వ్యాసం చిన్నదిగా వచ్చింది. అందులో రెండో తలుపు తెరుచుకున్న ఆధారం మాకు దొరకలేదని రాశాం.

రెండేళ్ళ తర్వాత ఒక ఉదయం వార్డు నుంచి ఆయమ్మ ఫోను చేసింది. ఎవరో నా పేరు చెప్పి అడుగుతున్నారంది. వెళ్ళి చూస్తే ఆమె. నిండు నెలలు. పక్కన అత్తగారు, ఒళ్ళో పెద్దబిడ్డ. ముందే రోజు నిర్ణయించుకుని వచ్చిన సిజేరియన్. ఊళ్ళో ఆ సూది మనిషిని ఈసారి గడప తొక్కనివ్వలేదని, అదీ అత్తగారే గట్టిగా చెప్పి పంపించిందని కోడలు చెప్పింది. అత్తగారు ఆ మాట విననట్టు ఎటో చూసింది.

"ఫారం ఉండాదా నీ దగ్గర?" అని అడిగింది కోడలు.

ఆమెను అడిగే ఉద్దేశం నాకు లేదు. అయినా అడిగింది కదా అని ఇచ్చాను. మూడు పేజీలూ చదివింది. ముక్కను ఎన్నాళ్ళు ఉంచుతారు, పేరు ఎక్కడైనా కనిపిస్తుందా, మధ్యలో వద్దంటే ఏం చేస్తారు అని అడిగింది. అన్నిటికీ చెప్పాను. విని, ఫారం మడిచి నా చేతిలో పెట్టింది.

"వద్దులే అక్కా. ఈసారి ఇయ్యను."

"సరే" అన్నాను. నిజంగానే నా గుండె తేలికపడింది.

"కానీ నువ్వు లోపలికి రావాల. ఎవురూ ఏమీ తియ్యకుండా చూడాల."

డాక్టరమ్మను అడిగి, బట్టలు మార్చుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. మత్తు ఇచ్చే డాక్టరు నన్ను గుర్తుపట్టి, "ఈరోజు శాంపిల్ ఉందా?" అన్నారు. లేదన్నాను. "మరి?" అన్నారు. "ఊరికే, చూడ్డానికి" అన్నాను. చేతిలో ఐసు పెట్టె లేకుండా ఆ గదిలో నిలబడటం నాకదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నడుముకు మత్తిచ్చారు గనక ఆమె మెలకువగానే ఉంది. అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ వెనక నుంచి పిలిచింది.

"అక్కా, ఉండావా?"

"ఉన్నాను."

బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. డాక్టరమ్మ కోత కుట్టడం మొదలుపెట్టింది. నేను ఆ అంచు మీదనుంచి చూపు తిప్పలేదు. ఆ కండరం ఎర్రగా, తడిగా, ఆమె ఒంట్లోనే మెల్లగా బిగుసుకుంటోంది. ఇన్నేళ్ళూ నేను దాన్ని దారానికి కట్టి చూశాను. ఉండాల్సిన చోట ఉండి అది చేసే పనిని అంతసేపు చూసింది అప్పుడే.

"కుట్టేసినారా?"

"కుట్టేశారు."

"ఏం తియ్యలేదు గదా?"

"బిడ్డను తప్ప ఏమీ తియ్యలేదు."

ఆమె నవ్వబోయింది. మత్తు డాక్టరు కదలొద్దని మందలించారు.

బయట అత్తగారు తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. నేను రాగానే ముందు నా ముఖం చూసింది, తర్వాత నా చేతులు చూసింది.

"చూసినావా?"

"చూశాను పెద్దమ్మా."

"మధ్యలో యాడికీ పోలేదే?"

"ఎక్కడికీ పోలేదు."

"ఫోను గీను వచ్చిందా?"

"ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు."

అప్పుడే ఆయమ్మ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి తీసుకువచ్చింది. అత్తగారు చేతులు చాచబోయి ఆగింది. గుడ్డ కొంచెం పక్కకు తీసి, బిడ్డ కాలికి కట్టిన చీటీ నాకు చూపించి, "ఏం రాసినారో చదువు" అంది. కోడలి పేరు, ఆడపిల్ల, పుట్టిన సమయం చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. అప్పుడు తీసుకుంది బిడ్డను.